అమ్లోడిపిన్, సార్బిట్రేట్: రక్తనాళాల బిగువు తగ్గించడంలో ఏది మేలు?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే మా మేనత్త మొన్న తను బీపీకి వాడే అమ్లోడిపిన్ స్ట్రిప్పు నా చేతిలో పెట్టి, "ఇది కాల్షియాన్ని ఆపే మందంట కదమ్మా, మరి నా ఎముకలేటైపోవాలి?" అని అడిగింది. మావయ్య చొక్కా జేబులో గుండె నొప్పి వస్తే వేసుకునే సార్బిట్రేట్ ఉంటుంది. "రెండూ నరాలు వదులు చేసేవే అయితే, మీ అత్తదే నేనూ ఏసుకుంటే పోద్ది కదా" అన్నారు. ఫార్మసీ చదివినదాన్ని, ఆ మాటకి భయమేసింది.

ధమని గోడలో నునుపు కండరం ఉంటుంది. దాని కణాల బయట ఉండే కాల్షియం, లోపలి కంటే దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. కణం గేటు తెరుచుకుంటే అది లోపలికి దూకుతుంది, కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిసి ఒక ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము మయోసిన్‌కి ఫాస్ఫేటు తగిలించగానే కండరం బిగుసుకుంటుంది, నాళం ఇరుకవుతుంది.

అమ్లోడిపిన్ పని ఆ గేటు దగ్గరే. ఎముకల్లోని కాల్షియం జోలికి పోదు. అత్త నిశ్చింతగా పాలు తాగొచ్చు. ఒంట్లో ఈ మందు సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది కాబట్టి రోజుకొక్క మాత్ర చాలు. కానీ పూర్తిగా పని అందుకోవడానికీ గంటలు పడుతుంది.

సార్బిట్రేట్ దారి వేరు, నాకు ఎంతో ఇష్టమైన దారి. దాని నుంచి కణంలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాని ప్రభావంతో లోపలి కాల్షియం తగ్గడమే కాదు, మయోసిన్‌కి తగిలిన ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైము కూడా చురుకవుతుంది. అంటే మిగిలిన కాల్షియం పిలిచినా కండరం అంతగా పలకదు. నాలుక కింద పెట్టుకుంటే నిమిషాల్లో పని మొదలవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఇచ్చే ఈ సంకేతాన్ని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది.

ఇంకో తేడా అత్త కాళ్ల దగ్గరే కనిపించింది. సాయంత్రానికి పట్టీల కింద వేలితో నొక్కితే గుంట పడుతోంది. అమ్లోడిపిన్ ముఖ్యంగా చిన్న ధమనుల్ని తెరుస్తుంది, సిరల్ని అంతగా కాదు. లోపలికొచ్చే రక్తం పెరిగి, బయటికెళ్లే దారి అలాగే ఉండటంతో నీరు మడమల దగ్గర చేరుతుంది. నీరు పోయే మాత్ర అడిగే ముందు ఈ సంగతి డాక్టరుకి చెప్పమన్నాను. సార్బిట్రేట్ ఎక్కువగా సిరల్ని వదులు చేసి గుండె మీద భారం దించుతుంది. ఇబ్బంది తలనొప్పి, కళ్లు తిరగడం. రోజంతా విరామం లేకుండా వాడితే మందు పట్టు కూడా తగ్గిపోతుంది.

కాబట్టి రోజువారీ బీపీకి నా ఓటు అమ్లోడిపిన్‌కే. ఛాతీ పట్టేసినప్పుడు మాత్రం సార్బిట్రేటే. ఆ వేళ అత్త మాత్ర మావయ్యకి అక్కరకు రాదు. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మందు వాడేవాళ్లు సార్బిట్రేట్ ముట్టనే కూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

కైలాసగిరి మెట్ల మీద నొప్పి వస్తే నిలబడి వేసుకోవద్దు, ముందు కూర్చోండి మావయ్యా అని చెప్పాను. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయమని స్ట్రిప్పు వెనక పెన్నుతో రాసిచ్చాను.