ఆరేళ్లు వాడాక: యూత్ కోసం అపాలజెటిక్స్ వీడియో పాఠాలు

గుంటూరులో మా సంఘం యూత్‌కి ఆరేళ్లుగా ఆదివారం సాయంత్రాలు క్లాసు తీసుకుంటున్నాను. అందరూ ఇంటర్, బీటెక్ పిల్లలే. అపాలజెటిక్స్ మీద, అంటే క్రైస్తవ విశ్వాసం గురించి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పడం మీద, అమెరికాలో తయారైన పన్నెండు పాఠాల వీడియో కోర్సు వాడుతున్నాను. కొనాలా వద్దా అని అడిగే సండే స్కూల్ టీచర్ల కోసం ఇది రాస్తున్నాను.

బైబిల్ పాత రాతప్రతుల పాఠం కోసమైనా కొనొచ్చు. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్న పపైరస్ (పూర్వం రాయడానికి వాడిన జమ్ము కాగితం) ముక్క గురించి చక్కగా చెప్పారు. దాని మీద ఉన్నవి యోహాను సువార్త 18వ అధ్యాయంలోని కొన్ని మాటలు, రోమా గవర్నరు పిలాతు యేసును విచారించే చోటివి. ఇంచుమించు దాని కొలతకే, 9 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పుతో అట్ట కత్తిరించి పిల్లల చేతికిస్తాను. "ఇంత చిన్నదా అక్కా!" అంటారు. వెంటనే 1961లో కైసరయలో దొరికిన, పిలాతు పేరు చెక్కిన రాయి ఫొటో చూపిస్తాను. వెనక కూర్చున్నవాళ్లు కూడా లేచి దగ్గరికొస్తారు.

అయితే ఆ ముక్క క్రీ.శ. 125 నాటిదని వీడియోలో ఖాయంగా చెప్పేశారు. నేనూ అలాగే చెప్పాను. ఒకబ్బాయి ఫోన్‌లో వెతికి, రెండో శతాబ్దంలో ఎప్పటిదైనా కావొచ్చని చాలామంది, ఇంకా తర్వాతిది కావొచ్చని కొందరు పండితులు అంటున్నారని చూపించాడు. తర్వాతి ఆదివారం అందరి ముందూ సరిదిద్దుకున్నాను. అయినా ఆ నెలంతా ఏ పాఠం చెప్పినా అనుమానంగానే విన్నారు.

తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. మధ్యమధ్యలో ఆపి చెప్పాలి.

అసలు లోటు వేరే ఉంది. "మీది తెల్లవాళ్ల మతం కదా" అని మా పిల్లలను కాలేజీలో అడుగుతారు. దీని గురించి కోర్సులో ఒక్క ముక్క లేదు. ఆ పాఠం నేనే తయారు చేసుకున్నాను: ఆరో శతాబ్దంలోనే మలబారులో క్రైస్తవులున్నారని రాసిన కాస్మాస్ అనే గ్రీకు యాత్రికుడు, కొల్లంలోని చర్చికి 849లో ఇచ్చిన తరిసాపల్లి రాగి శాసనాలు. వాస్కో డ గామా వచ్చింది 1498లో. మిగతా లెక్క పిల్లలే వేసుకుంటారు. నా క్లాసుల్లో వాళ్లు ఇళ్లకు వెళ్లి అమ్మానాన్నలకు చెప్పుకునేది ఈ పాఠమే.

పదో పాఠం బాధల గురించి. వాదన గట్టిదే. కానీ నాన్నను పోగొట్టుకున్న ఒక అమ్మాయి మధ్యలో లేచి, "మేం ప్రార్థన చేశాం కదా అక్కా" అంది. వీడియో ఆపేశాను. 13వ కీర్తన చదివి, అందరం ఆ అమ్మాయి చుట్టూ కూర్చున్నాం. అప్పటినుంచి ఆ పాఠం వేయడం లేదు.