ఆర్డర్ మీద చేయించిన కీబోర్డు కేబుల్: రంగులకు ఫుల్ మార్కులు, అతుకులకు పాస్ మార్కులు

ప్రతి మీటకూ విడి స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డుల మీద మోజున్నవాళ్లు కీక్యాప్‌లు (మీటల పై తొడుగులు), స్విచ్‌లు మార్చడం పూర్తయ్యాక సాధారణంగా కేబుల్ మీద పడతారు. కీబోర్డుతో పాటు పెట్టెలో వచ్చే నల్లటి తీగ పని విషయంలో ఏ లోటూ చెయ్యదు. బల్ల మీద చూడటానికి బాగుండదన్నదే దాని మీద ఫిర్యాదు. హైదరాబాదులో ఇంటి నుంచే ఆర్డర్ల మీద అల్లిక తొడుగు కేబుళ్లు చేసి ఇచ్చే ఒక చిన్న తయారీదారు దగ్గర నేను చేయించుకున్న కేబుల్ గురించి ఈ సమీక్ష. దాని ధర ఒక చవకరకం మెకానికల్ కీబోర్డు ధరకు దగ్గరగా ఉంది కాబట్టి, రంగు కుదిరిందా లేదా అన్నదానితో సరిపెట్టుకోకుండా, విప్పగలిగినంత వరకు విప్పి, మల్టీమీటర్ పెట్టి కొలిచి మరీ రాస్తున్నాను.

ఆర్డర్ తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్నలను బట్టే తయారీదారు పనితనం చాలావరకు తెలిసిపోతుంది. మొత్తం పొడవెంత కావాలి, స్ప్రింగులా చుట్టిన భాగం కీబోర్డు వైపు ఉండాలా కంప్యూటర్ వైపు ఉండాలా, కంప్యూటర్ వైపు కొసకు యూఎస్‌బీ-ఏ పెట్టాలా టైప్-సీ పెట్టాలా, పైతొడుగుకు ఏ రంగు, లోతొడుగుకు ఏ రంగు అని వీరు ఓపికగా అడిగారు. నమూనా ముక్కలను పగటి వెలుతురులో ఫోటోలు తీసి పంపారు. కీబోర్డులో దీపాలు ఉన్నాయా, అది ఎంత కరెంటు తీసుకుంటుంది అన్నది మాత్రం అడగలేదు. లోపల ఏ గేజి తీగ, అంటే ఎంత లావు తీగ వాడతారో (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) నేనే అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఆ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. చుట్టిన భాగం కంటికి చిన్నదిగానే కనిపిస్తుంది గానీ, అది మింగే తీగ తక్కువేమీ కాదు. తొడుగులతో కలిపి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న కేబుల్‌ను 10 మిల్లీమీటర్ల కడ్డీ మీద చుడితే ఒక్కో చుట్టుకు దాదాపు 5 సెంటీమీటర్ల తీగ పడుతుంది. 15 సెంటీమీటర్ల కాయిల్‌లో 25 చుట్లు ఉంటాయి కాబట్టి అక్కడికే మీటరుంబావు అయిపోతుంది. ఇరువైపులా ఉండే తిన్నని భాగాలు కలిపితే నా కేబుల్ మొత్తం రెండున్నర మీటర్లకు చేరింది. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, తిరిగి రావడానికి మరొక తీగ ఉంటాయి కాబట్టి, ఇంత పొడవుకు 28 గేజి సన్న తీగ వాడితే నిరోధం ఒక ఓమ్ దాటుతుంది. రంగుల దీపాలున్న కీబోర్డు యూఎస్‌బీ 2.0 అనుమతించే 500 మిల్లీయాంపియర్లూ లాగిందంటే, 5 వోల్టులలో అర వోల్టు దారిలోనే పోతుంది. 24 గేజి రాగి తీగ అయితే ఆ నష్టం 0.2 వోల్టు దగ్గర ఆగుతుంది. నాకు వచ్చిన కేబుల్‌లో కరెంటుకు 24 గేజి, డేటాకు 28 గేజి తీగలు వాడారు, డేటా తీగలు రెండింటినీ ఒకదానితో ఒకటి పురి పెట్టారు, వాటి చుట్టూ రేకు పొర కూడా ఉంది. కరెంటు తీగల జత నిరోధం కనెక్టర్లతో సహా అర ఓమ్‌కు కాస్త లోపే వచ్చింది, అంటే తీగ విషయంలో చెప్పిందే ఇచ్చారు. ఇలాంటి కేబుల్ వల్ల గేమింగులో వేగం పెరుగుతుందని కొందరు అమ్మకందారులు రాసుకునే మాటను మాత్రం పట్టించుకోనక్కరలేదు. చాలా కీబోర్డులు సెకనుకు 12 మెగాబిట్ల వేగంతోనే మాట్లాడతాయి, ఆ వేగానికి సరిగ్గా చేసిన ఏ కేబుల్ అయినా చాలు.

ఇక తొడుగుల సంగతి. లోపలిది పారాకార్డ్, అంటే పారాచూట్ తాళ్లకు వాడుతూ వచ్చిన నైలాన్ తాడు. ఎక్కువగా వాడే 550 రకం 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోల బరువును తట్టుకునేది. ఆ బలమంతా మన కేబుల్‌కు అవసరం లేదు గనుక లోపలి పోగులను లాగి పారేసి, ఖాళీ అయిన తొడుగులోకి, లంగాలోకి బొందు ఎక్కించినట్లు, యూఎస్‌బీ తీగను ఎక్కిస్తారు. దాని పైన పెట్ (నీళ్ల సీసాలకు వాడే రకం) ప్లాస్టిక్ పోగులతో వల మాదిరి అల్లిన గొట్టం, అంటే టెక్‌ఫ్లెక్స్ రకం తొడుగు వేస్తారు. నేను లోపలికి నెమలి నీలం, పైకి నలుపు కోరుకున్నాను. కేబుల్ తిన్నగా ఉన్నచోట నలుపు వల కింద నీలం చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. వంపు తిరిగినచోట వెలుపలి వైపు వల విచ్చుకొని నీలం ఉబికి వస్తుంది, లోపలి వైపు వల ముడుచుకొని నలుపు చిక్కబడుతుంది. కాయిల్‌లో ప్రతి చుట్టూ వంపే కాబట్టి ఈ రెండు రంగుల ఆట అక్కడ బాగా పండింది. పారాకార్డ్ ఎక్కడా ముడత పడలేదు, మెలిక తిరగలేదు. మీటర్ల పొడవున దాన్ని అలా సాపుగా లాగడానికి చెయ్యి బాగా తిరిగి ఉండాలి. యూఎస్‌బీ-ఏ కొస దగ్గర మాత్రం హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకొని బిగిసేది) కొద్దిగా పొట్టిది వేయడం వల్ల పెట్ పోగుల కొసలు రెండు మూడు బయటికి పొడుచుకొచ్చి, పట్టుకున్నప్పుడల్లా వేలికి గీసుకుంటున్నాయి.

కాయిల్ చుట్టడంలో ఉన్న కిటుకు వేడిలో సగం, చివరి తిప్పుడులో సగం ఉంటుంది. కేబుల్‌ను కడ్డీకి బిగించి చుట్టి, హీట్ గన్‌తో గానీ ఓవెన్‌లో గానీ వేడిచేసి, కడ్డీ మీదే పూర్తిగా చల్లారనిస్తారు. ఆ తర్వాత కడ్డీ తీసేసి, చుట్లన్నిటినీ ఎదురు దిశలోకి తిప్పి మళ్లీ చుడతారు. ఈ ఎదురు తిప్పుడుతో చుట్లు ఒకదాన్నొకటి ఒత్తుకొని కూర్చుంటాయి, అది ఎగ్గొట్టినవాళ్ల కాయిల్ కొన్నాళ్లకే సందులు పడి వేలాడుతుంది. నా కేబుల్‌ను రెండింతలు పొడవు సాగేలా లాగి వదిలినా చుట్లు మళ్లీ దగ్గరికొచ్చాయి. కనెక్టర్ పక్కనున్న ఒక చుట్టులో మాత్రం పెట్ పోగులు వేడి ఎక్కువై కొద్దిగా కరిగి, మెరుపు మచ్చ పడింది. దగ్గరగా పెట్టుకొని చూస్తే గానీ కనిపించదు కాబట్టి దానికి మార్కులు తగ్గించడం లేదు. వేడితో వచ్చిన ఆకారం వేడితోనే పోయే వీలుంది గనుక, మన ఎండాకాలంలో ఇలాంటి కేబుల్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేయకపోవడం మేలు.

కేబుల్ ఒకే ముక్క కాదు, కీబోర్డు వైపు ఒక సగం, కంప్యూటర్ వైపు ఒక సగం. ఆ రెండు భాగాలనూ కలిపేది జీఎక్స్16 కనెక్టర్. కర్మాగారాల్లో యంత్రాలకు, కొలత పరికరాలకు వాడే గుండ్రటి లోహపు కనెక్టర్ ఇది. బిగించే రింగుకు మర ఉంటుంది కాబట్టి పొరపాటున లాగినా ఊడిరాదు. చూపుకు దర్జాగా ఉన్నా బరువైనది. బల్ల అంచు నుంచి కాయిల్ కిందికి వేలాడేలా పెట్టుకుంటే ఆ బరువంతా కీబోర్డు టైప్-సీ పోర్టు మీద పడుతుంది. చిన్న బల్ల ఉన్నవాళ్లు ఇంతకంటే చిన్నదైన జీఎక్స్12 అడగడం నయం.

వెనక డొప్పను మర విప్పి లోపలికి చూస్తే అసలు సంగతి బయటపడింది. నాలుగు పిన్నులకూ టంకం నిగనిగలాడుతూ బాగా పట్టింది. అయితే విడివిడి తీగలకు వేసిన హీట్ ష్రింక్ ముక్కల్లో, 5 వోల్టులు మోసే ఎర్ర తీగ మీది ముక్క పిన్ను దాకా రాక వెనకే ఉండిపోయింది, అక్కడ ఒక రాగి పోగు పక్కకు లేచి నిలబడింది. కేబుల్ రేకు పొరను లోహపు డొప్పకు కలిపారు కాబట్టి, ఆ పోగు డొప్పను తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, కంప్యూటర్ ఆ పోర్టును ఆపేస్తుంది. దీనికి తోడు కేబుల్‌ను బిగించి పట్టుకోవలసిన రెండు స్క్రూలూ వదులుగా ఉన్నాయి, అంటే ఎవరైనా లాగితే ఆ లాగుడంతా నేరుగా టంకం మీదే పడుతుంది. అంత ఓపికగా రంగులు కుదిర్చిన మనిషి, ఎవరూ చూడరనుకున్నచోట చెయ్యి వదిలేశారనిపించింది.

అమరిక విషయంలో తప్పు పట్టడానికి లేదు. కరెంటు కంప్యూటర్ వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆ వైపు సగానికి పిన్నులు బయటికి కనిపించని ఆడ కనెక్టర్ పెట్టారు. మగ కనెక్టర్ పెట్టి ఉంటే, విడదీసిన కొస ఏ లోహపు వస్తువుకు తగిలినా షార్ట్ అయ్యేది. టైప్-సీ కొసలో ఉండవలసిన 56 కిలో ఓమ్‌ల రెసిస్టరును బ్రేకౌట్ బోర్డు (పోర్టులోని పట్టీలను విడివిడిగా కొలవడానికి వీలిచ్చే చిన్న పలక) మీద కొలిస్తే సరిగ్గానే ఉంది. దాని బదులు 10 కిలో ఓమ్‌లది పెడితే, అవతలి పరికరం 3 యాంపియర్లు తీసుకోవచ్చని భ్రమపడుతుంది. కీబోర్డుకు దానితో ఇబ్బంది లేకపోయినా, అదే కేబుల్‌తో ఫోన్ చార్జింగ్ పెట్టేవారుంటారు. జీఎక్స్16 లాంటి గుండ్రటి కనెక్టర్‌లో ఏ పిన్నుకు ఏ తీగ అన్నదానికి తయారీదారులందరూ పాటించే ఒకే పద్ధతి లేదు కాబట్టి, ఒకరి దగ్గర కొన్న సగాన్ని మరొకరి సగంతో కలపకూడదు. కలిపితే 5 వోల్టులు డేటా తీగలోకి వెళ్లి కీబోర్డు పాడయ్యే ప్రమాదముంది. కీబోర్డు మార్చేటప్పుడు కూడా ముందు కంప్యూటర్ వైపు యూఎస్‌బీ తీసి, ఆ తర్వాతే రింగు విప్పడం మంచిది. యూఎస్‌బీ ప్లగ్గులో కరెంటు పట్టీలు డేటా పట్టీల కంటే పొడవుగా ఉండి ముందుగా తగులుతాయి, ఈ గుండ్రటి కనెక్టర్‌లో ఆ ఏర్పాటు లేదు. ఈ రెండు జాగ్రత్తలనూ ఒక చీటీ మీద రాసి పెట్టెలో వేస్తే బాగుండేది. నాకొచ్చిన పెట్టెలో స్టిక్కర్లు మాత్రం ఉన్నాయి.

సొంతంగా చేసుకోవాలనుకునేవారికి కోఠి గుజరాతీ గల్లీలో హీట్ ష్రింక్, టంకం సామాను దొరుకుతాయి. పారాకార్డ్, పెట్ తొడుగు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. సోల్డరింగ్ చెయ్యి తిరిగినవారైనా టైప్-సీ కొస దగ్గర కాస్త ఆగుతారు, అక్కడి పట్టీలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకే ఒక్క కేబుల్ కోసం హీట్ గన్, కడ్డీ, మిగిలిపోయే తొడుగుల ఖర్చు లెక్కేసుకుంటే చేయించుకోవడమే చవక. రెండు మూడు కీబోర్డులున్నవారికే సొంత తయారీ గిట్టుబాటవుతుంది.

లోపాలను ఫోటోలు తీసి పంపితే తయారీదారు వాదించకుండా కేబుల్ వెనక్కి తెప్పించుకున్నారు. ఎర్ర తీగకు కొత్త ముక్క వేసి, స్క్రూలు బిగించి, యూఎస్‌బీ కొస దగ్గర హీట్ ష్రింక్ పొడవైనది మార్చి పంపారు. డొప్ప మళ్లీ విప్పి చూశాను, ఈసారి పని శుభ్రంగా ఉంది. మరమ్మతుకు డబ్బు తీసుకోలేదు గానీ, వెనక్కి పంపిన కొరియర్ ఖర్చు మాత్రం నన్నే భరించమన్నారు.