ఇంటి సంఘమా, మందిర సంఘమా?

మొదటి మూడు శతాబ్దాల్లో క్రైస్తవులు ఎక్కువగా ఇళ్లలోనే కూడుకున్నారు. సిరియాలోని దూరా యూరోపస్ తవ్వకాల్లో అలాంటి ఇల్లొకటి బయటపడింది. మూడో శతాబ్దంలో దాని గదుల మధ్య గోడ తీసి ఆరాధనకు అనువుగా మార్చారు. 313లో రోమా సామ్రాజ్యంలో ఆరాధనా స్వేచ్ఛ దొరికాక పెద్ద మందిరాల కాలం మొదలైంది.

మందిరం తప్పు కాదు. కొత్తవారు జంకు లేకుండా లోపలికి రాగలరు. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి నిర్మాణమైతే కరువు రోజుల్లో పేదలకు పని, తిండి ఇచ్చింది.

అయితే కానుక ఎటు పోయిందో చూస్తే నా మనసు ఇంటి సంఘం వైపే మొగ్గుతుంది. 155 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన దాన్నిబట్టి, ఆదివారపు కానుక అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు చేరేది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన మరో క్రైస్తవ రచయిత టెర్టులియన్ ఈ జాబితాలో పేదల ఖననాన్ని, ఓడ మునిగి దిక్కులేనివారిని కూడా చేర్చాడు. బలవంతం లేదు, ఎవరికి తోచింది వారిచ్చేవారు. 251లో రోము సంఘం 1500 మందికి పైగా విధవరాండ్రను, పేదలను పోషించేది!

ఇంట్లో కూడినంత మాత్రాన ప్రేమ పుట్టదు. కొరింథులో కలవారు ముందే తినేస్తే పేదలు ఆకలితో ఉండిపోయారు, పౌలు గట్టిగా మందలించాడు.

అందుకే మందిరాన్ని ఉంచుకుందాం. ఏటా లెక్కలు చదివేటప్పుడు మాత్రం రంగులకు, సౌండ్ సిస్టమ్‌కు ముందు మన వీధిలోని విధవరాలి మందుల ఖర్చు రాయాలి.