కారు మెరుపుకు కార్నూబా వ్యాక్సా, సింథటిక్ సీలెంటా?

కార్నూబా అంటే బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. నల్ల కారుకు, ముదురు ఎరుపు కారుకు అది ఇచ్చే లోతైన మెరుపు నాకు ఎంతో ఇష్టం. కానీ విజయవాడ ఎండలో ఆరుబయట నిలిపే కారుకైతే నెలా రెండు నెలలకే మళ్లీ పట్టించాలి. పాలిమర్లనే కృత్రిమ పదార్థాలతో చేసే పూత, అంటే సీలెంట్, సాధారణంగా నాలుగైదు నెలలు నిలుస్తుంది, పూయడమూ తేలిక. తెల్ల కారు మీద మెరుపులో తేడా పెద్దగా తెలియదు కాబట్టి, దానికి సీలెంటే కొనండి.

ఏదైనా సరే, కారు కడిగి ఆరాక, నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడే పలుచగా పూయాలి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ వాడండి, పాత బనియన్ వద్దు.

గీతలు మాత్రం ఈ రెండింటితోనూ పోవు. వాటికి ముందుగా పాలిష్ పట్టాలి. అది రంగు మీద ఉండే పారదర్శక పొర అయిన క్లియర్‌కోట్‌ను కొంచెం అరగదీస్తుంది, అందుకే మాటిమాటికీ చేయకండి.