పాత కారు ట్యూబులు: చేత్తో మార్చాలా, మెషీన్‌కి ఇవ్వాలా?

పాత కార్లవాళ్లు ఎక్కడ కలిసినా ఈ ప్రశ్న వస్తుంది. ఈమధ్య నా కారుకు నాలుగు ట్యూబులూ మార్చాల్సి వచ్చింది. రెండు చక్రాలు షాపులో మెషీన్ మీద ఎక్కించాను, రెండు ఇంటి దగ్గర లివర్లతో, అంటే టైరు ఊడదీసే ఇనుప పట్టీలతో, నేనే కుస్తీ పట్టాను.

శ్రమ సంగతికొస్తే పోలికే లేదు. తుప్పు పట్టిన రిమ్ముకు ఏళ్ల తరబడి అతుక్కుపోయిన టైరు అంచును చేత్తో విడదీయడం నరకం. మెషీన్ అదే పని క్షణాల్లో చేస్తుంది. బ్యాలెన్సింగ్ కూడా అక్కడే అయిపోతుంది. ఈ రెంటిలో ఇంటిపని ఓడిపోయినట్టే, వాదించను.

కానీ నా లెక్కలో అసలు తేల్చేది ట్యూబు. మెషీన్ టైరు అంచును ఒక్క చుట్టులో రిమ్ము లోపలికి దింపేస్తుంది. కింద ట్యూబు నలిగినా నడిపేవాడికి తెలియదు, పైగా అతను రోజంతా చూసేది ట్యూబ్‌లెస్ టైర్లే. షాపులో ఎక్కించిన వాటిలో ఒకటి మర్నాటికే గాలి దిగిపోయింది. విప్పి చూస్తే వాల్వ్ పక్కనే సన్నటి చీలిక. ఆ మాటకొస్తే ఇంట్లో మొదటి ట్యూబును నేనూ చింపాను. కాకపోతే లివరు కొనకు ఏదో మెత్తగా తగిలింది, తగిలినా ఆగలేదు. తప్పు నాదే, కానీ చెయ్యి ముందే చెప్పింది.

కిటుకంతా రిమ్ము మధ్యనున్న పల్లంలో ఉంది. టైరు అంచు ఒకవైపు అందులోకి దిగితే ఎదుటివైపు వదులవుతుంది. వాల్వ్ మొదట్లో ట్యూబు మందంగా ఉంటుంది కనుక అక్కడ అంచు పల్లంలోకి సరిగ్గా దిగదు. అందుకే విప్పేటప్పుడు వాల్వ్ దగ్గర మొదలుపెట్టాలి, ఎక్కించేటప్పుడు వాల్వ్ దగ్గర ముగించాలి. ఎదుటివైపు అంచును మోకాలితో పల్లంలోకి తొక్కిపెడితే చిన్న లివర్లు చాలు. బలం చాలడం లేదనిపిస్తే అంచు పల్లంలోంచి పైకొచ్చిందన్నమాట. అప్పుడు ఇంకా పొడవు లివరు కోసం వెతక్కండి.

ట్యూబుకు ఆకారం వచ్చేంత గాలి, పైన కాస్త పౌడరు, టైరు అంచుకు సబ్బునీళ్లు. గ్రీజు వద్దు, రబ్బరు పాడవుతుంది. కొత్త టైరు లోపల కాగితం స్టిక్కర్ ఉంటే పీకేయండి, అది రాసుకుని ట్యూబును తినేస్తుంది. చివర్లో వాల్వ్‌ను ఓసారి లోపలికి నొక్కి వదిలి, గాలి కొట్టి, మొత్తం తీసేసి, మళ్లీ కొట్టాలి. ముడతలు పోతాయి.

ట్యూబ్‌లెస్‌గా మార్చేద్దామంటారు కొందరు. ఊచల చక్రాలకైతే ఊచల మొదళ్లలోంచే గాలి పోతుంది, ఆ మాట వదిలేయండి. టైరును పట్టి ఉంచే, విడిగా ఊడొచ్చే లాక్ రింగ్ ఉన్న రిమ్ములైతే మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. గాలి కొట్టేటప్పుడు ఆ రింగ్ ఎగిరితే ప్రాణాలే పోతాయి.

ఇప్పుడు నేను టైరు అంచు విడదీయించుకోవడానికి షాపుకెళ్తున్నాను, ట్యూబు ఇంట్లో ఎక్కిస్తున్నాను, బ్యాలెన్సింగ్‌కి మళ్లీ షాపుకే. ఒకే చక్రం రోజులో రెండుసార్లు వస్తుంటే అక్కడి కుర్రాడు నవ్వుతున్నాడు.