మస్టర్ డ్రిల్లుకి సున్నా మార్కులు: మధ్యధరా క్రూయిజ్‌లో ఒక రాత్రి

తిండికి పదికి తొమ్మిది. క్యాబిన్‌కి ఏడు. గది సర్దే కుర్రాడికి పదికి పది. మస్టర్ డ్రిల్లుకి, అంటే ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో, ఏం చేయాలో ముందుగా నేర్పే కసరత్తుకి, మాత్రం సున్నా. ఆ సున్నా ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. క్రూయిజ్‌కి వెళ్లేవాళ్లంతా స్విమ్మింగ్ పూల్ ఫోటోలు చూసి ఓడను ఎంచుకుంటారు. రాత్రి రెండున్నరకి కారిడార్‌లో గుడ్డ కాలిన వాసన వస్తే ఆ పూల్ ఎందుకూ పనికిరాదు.

వెళ్లింది నేను, మా ఆవిడ, అత్తగారు, మరదలు, తోడల్లుడు. పదో డెక్కులో, అంటే పదో అంతస్తులో, బాల్కనీ క్యాబిన్ మనిషికి 940 యూరోలు, దానికి ఎదురుగా కిటికీ లేని లోపలి క్యాబిన్ మనిషికి 610. అత్తగారు మాతోపాటే బాల్కనీ క్యాబిన్‌లో. ఇవి కాక మనిషికి రోజుకు 12 యూరోల సర్వీస్ చార్జీ. ఇది టిక్కెట్టు మీద ఉండదు, దిగే ముందు బిల్లులో దర్శనమిస్తుంది.

అత్తగారికి మోకాళ్ల నొప్పులు. చేతికర్ర లేనిదే నడవలేరు. "పక్కనే లిఫ్టు ఉందండీ, మీకేం టెన్షన్ అక్కర్లేదు" అని ఏజెంటు భరోసా ఇచ్చాడు. ఓడలో మంట అనగానే లిఫ్టు ఎక్కకూడదు. ఆ సంగతి ఆయనకు తెలియదో, తెలిసీ చెప్పలేదో! అత్యవసర సమయంలో సాయం కావలసినవాళ్ల కోసం ఒక ఫారం ఉంటుంది. అది నింపితే లేనిపోని ప్రశ్నలు వేస్తారు, వదిలేయమని కూడా ఆయనే సలహా ఇచ్చాడు. మా ఆవిడ వినలేదు. మోకాళ్లు, కర్ర, మెట్లు దిగలేరు అని వివరంగా రాసి పంపింది. ఈ ప్రయాణంలో మా డబ్బుతో నిమిత్తం లేకుండా జరిగిన మంచిపని అదొక్కటే.

రోమ్‌కి రేవుపట్టణం చివితవెక్కియా. అక్కడే ఎక్కాం. సెక్యూరిటీ దగ్గర తోడల్లుడి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కున్నారు. ఆయన ముఖం ఆ రోజంతా మాడిపోయే ఉంది. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి కూడా నోచుకోలేదని గొణుగుడు. నిజానికి అందులో వాళ్ల తప్పేం లేదు. చాలా ఓడల్లో కరెంటు వైరింగు ఇళ్లలో ఉన్నట్టుగా ఉండదు, రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బాక్సు అలాంటి చోట వేడెక్కి అంటుకోవచ్చు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, కొవ్వొత్తులు కూడా ఇలాగే పట్టుకుంటారు. దిగేరోజు రశీదు చూపిస్తే తిరిగి ఇస్తారు. అక్కడ క్యూ మాత్రం పెద్దది.

ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గర అంత పట్టుదల చూపించినవాళ్లు డ్రిల్లు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేశారు. ఒకప్పుడు అందరినీ ఒకేసారి పిలిచి, నిలబెట్టి చెప్పేవారు. కోవిడ్ వచ్చాక చాలా కంపెనీలు పద్ధతి మార్చాయి. ఫోన్‌లోనో క్యాబిన్ టీవీలోనో వీడియో చూడాలి, తర్వాత ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు తమ మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదమొస్తే చేరాల్సిన చోటికి, వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోవాలి. నిజాయితీగా చేస్తే ఇదీ మంచి పద్ధతే. మా స్టేషన్ ఐదో డెక్కులోని థియేటర్. తలుపు దగ్గర ఒక కుర్రాడు స్కానర్ పట్టుకుని పక్కవాడితో కబుర్లాడుతున్నాడు. మా ముందున్న పెద్దమనిషి ఐదు కార్డులు పేకముక్కల్లా పరిచాడు, వెంట మాత్రం ఎవరూ లేరు. టింగ్, టింగ్ అని ఐదూ స్కాన్ అయిపోయాయి. "లైఫ్ జాకెట్ కట్టుకోవడం ఒకసారి చూపిస్తావా?" అని నేను అడిగితే "వీడియోలో ఉంది సార్" అన్నాడు. వీడియో వస్తున్నంతసేపూ ఏ క్యాబిన్‌లో చూసినా జనం సూట్‌కేసులు సర్దుకుంటూనే ఉన్నారు.

అదే రేవులో ఇలా జరగడం నాకు మరీ మండింది. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ బయల్దేరింది చివితవెక్కియా నుంచే. ఆ సాయంత్రం అక్కడ ఎక్కిన దాదాపు 700 మందికి డ్రిల్లు జరగలేదు. ఓడెక్కిన 24 గంటల్లోపు జరిపితే చాలని అప్పటి నిబంధన. అందుకని మర్నాడు పెట్టుకున్నారు. ఆ రాత్రే జీలియో దీవి దగ్గర ఓడ రాయికి తగిలింది, 32 మంది పోయారు. ఆ తర్వాత ఓడల్లో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న సోలాస్ ఒప్పందంలో నిబంధన మార్చారు. 2015 నుంచి ఓడ బయల్దేరే ముందే, లేదా బయల్దేరిన వెంటనే, డ్రిల్లు జరగాలి. అంతమంది ప్రాణాలు పోయాక వచ్చిన నిబంధనను వీళ్లు టింగ్ టింగ్‌తో సరిపెట్టారు.

రెండోరోజు మా బాల్కనీలో కుర్చీ పక్కన సిగరెట్ పీక కనిపించింది. పైడెక్కు నుంచో పక్క క్యాబిన్ నుంచో ఎవరో విసిరారు. బాల్కనీలో పొగతాగితే 250 యూరోల జరిమానా అని తలుపు మీద స్టిక్కర్ ఉంది. పీకను టిష్యూలో చుట్టి కింద కౌంటర్‌కి తీసుకెళ్తే అక్కడి అమ్మాయి నవ్వుతూ తీసుకుని చెత్తబుట్టలో వేసి "చూస్తాం సార్" అంది. ఎవరూ వచ్చి చూసింది లేదు. 2006 మార్చిలో జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ అనే ఓడ బాల్కనీల మీదుగా తగలబడింది. ఆర్పకుండా పడేసిన సిగరెట్ పీకే కారణమై ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డుతెరలు, ప్లాస్టిక్ కుర్చీలు, అక్కడ మంట వస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. మంట ఒక డెక్కు నుంచి ఇంకో డెక్కుకి ఎగబాకింది. పొగకు ఒకరు చనిపోయారు. సులువుగా అంటుకునే సామానుంటే బాల్కనీల్లోనూ మంటను కనిపెట్టే, ఆర్పే ఏర్పాట్లు ఉండాలన్న నిబంధన దాని తర్వాతే వచ్చింది. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది, వెనక క్యూ పెరుగుతోందని.

దారిలో ఆగిన ఊళ్లు పలెర్మో, వాలెట్టా బాగున్నాయి.

వాలెట్టా నుంచి బయల్దేరిన రాత్రే ఆ వాసన. స్పీకర్లో "బ్రావో, బ్రావో, బ్రావో" అంటూ ఏదో డెక్కు నంబరు వినిపించింది. అది సిబ్బందికిచ్చే సంకేతం, చాలా ఓడల్లో మంట అని అర్థం. ఇంకాసేపటికి కెప్టెన్ గొంతు. లాండ్రీలో బట్టలారేసే యంత్రం దగ్గర మంటలొచ్చాయి, ఆర్పే బృందం పనిలో ఉంది, ముందుజాగ్రత్తగా అందరినీ మస్టర్ స్టేషన్లకు పిలుస్తున్నాం అన్నాడు. ఏదీ దాచకుండా, తొందర లేకుండా చెప్పాడు. ఆయనకు నా నుంచి పూర్తి మార్కులు. తర్వాత మోత: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. నిద్రలో ఉన్నవాళ్లెవరికైనా గుండె జారిపోతుంది.

కారిడార్‌లో మొదటి గందరగోళం తలుపులతో వచ్చింది. రోజూ గోడకు అతుక్కుని ఉండే ఉక్కు తలుపులవి, అయస్కాంతం పట్టి ఉంచుతుంది. ఓడను నడిపే గది, దాన్నే బ్రిడ్జి అంటారు, అక్కడ మీట నొక్కితే అయస్కాంతం వదిలేస్తుంది, తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఓడ పొడవునా నలభై మీటర్లకో అగ్నిగోడ లెక్కన ఉంటుంది, ఆ తలుపులు దానిలో భాగం. ఒక భాగంలో మంట అందులోనే ఉండిపోవాలని. అవి మూసుకుంటాయే కానీ తాళం పడవు. ఈ ఒక్క ముక్క డ్రిల్లులో చెప్పి ఉంటే చాలు. మా ముందు వెళ్తున్న వృద్ధ దంపతులు మూసిన తలుపు చూసి బంధించేశారనుకుని వెనక్కి తిరిగారు. మా గది సర్దే కుర్రాడు పరుగున వచ్చి భుజంతో తలుపు నెట్టి, తెరిచి పట్టుకుని, ఒక్కొక్కరినీ దాటించాడు. నేలకు దగ్గరగా గోడవెంట వెలిగే పచ్చటి పట్టీ చూపించి "దీన్ని పట్టుకుని వెళ్లండి" అన్నాడు. పొగ కమ్మితే పైనున్న దీపాలు కనిపించవు, కిందుండే ఆ పట్టీయే దారి.

మెట్ల దగ్గర జనం. కొందరి చేతుల్లో చక్రాల సూట్‌కేసులు! ఒకడు ఫోన్ పైకెత్తి వీడియో తీసుకుంటున్నాడు. అత్తగారు మెట్ల మొదట్లో ఆగిపోయారు. "మీరు పదండి బాబూ, నేను మెల్లగా వస్తాను" అన్నారు. మా ఆవిడ ఏడుపు ఆపుకుంటోంది, మరదలు ఆపుకోవడం లేదు. ఇంతలో ఇద్దరు సిబ్బంది మడతకుర్చీ లాంటిదొకటి పట్టుకుని పైకి వస్తూ, చేతిలో కాగితం చూసి అత్తగారి పేరు చదివారు. ఎంత తప్పు పలికితేనేం, ఆవిడ పేరే. అలా ముందుగా రాసిచ్చినవాళ్ల వివరాలు ఓడ బయల్దేరకముందే కెప్టెన్‌కి అందాలని నిబంధన ఉంది. అందాయి. మెట్ల మీద జారే పట్టాలున్న ఆ కుర్చీలో నడుముకి బెల్టు కట్టి, అయిదు డెక్కులూ దింపారు. ఆవిడ దారి పొడవునా తెలుగులోనే "మెల్లగా నాయనా, మెల్లగా" అంటూనే ఉన్నారు, వాళ్లు "యెస్ మమ్మా" అంటూనే ఉన్నారు.

థియేటర్లో అసలు తలనొప్పి లెక్క దగ్గర మొదలైంది. ఎవరైనా పొగలో చిక్కుకుపోయారా అన్నది తలలు లెక్కపెడితేనే తెలుస్తుంది. లెక్క తప్పితే ఆ మనుషుల్ని వెతకడానికి సిబ్బంది ప్రాణాలకు తెగించి క్యాబిన్లలోకి వెళ్లాలి. మా స్టేషన్‌లో నలుగురు తక్కువొచ్చారు. క్యాబిన్ నంబర్లు మళ్లీ మళ్లీ చదివారు. గంటకు పైగా పట్టింది. చివరికి వాళ్లు రెస్టారెంట్లోని ఇంకో స్టేషన్‌లో దొరికారు. ఎవరో కాదు, ఆ ఐదు కార్డుల పెద్దమనిషి కుటుంబం. తమ స్టేషన్ ఏదో ఒక్కసారైనా చూడనివాళ్లు అర్ధరాత్రి జనం ఎటు పోతే అటు పోయారు. తప్పు వాళ్లదా, మనిషిని చూడకుండా కార్డును చూసినవాళ్లదా? నా ఓటు రెండోదానికే.

లైఫ్ జాకెట్లు థియేటర్లోనే అల్మరాల్లో ఉన్నాయి. పంచాక సగం మంది తలకిందులుగా వేసుకున్నారు. పగలంతా వాచీలు అమ్మే అమ్మాయి ఒకతి వరస వరసకీ వచ్చి బెల్టు ఎక్కడ బిగించాలో చూపించింది, పిల్లల జాకెట్లు విడిగా తెచ్చి తొడిగింది. ఓడలో పాటలు పాడేవాళ్ల దగ్గర్నుంచి వడ్డించేవాళ్ల వరకు ప్రతివాళ్లకీ ప్రమాదంలో ఒక డ్యూటీ ఉంటుంది. మొదటిరోజు స్కానర్ దగ్గర ఆ అమ్మాయిని నిలబెట్టి ఉంటే నేను ఇది రాసేవాణ్నే కాదు.

"ఇంకా బోట్లు దింపరేం?" అని తోడల్లుడు లేచి అరవడం మొదలుపెట్టాడు, ఆయనకు ఇంకో పదిమంది వంతపాడారు. దింపకపోవడమే మంచిది. చీకట్లో, అలల మీద, ముసలివాళ్లనీ పిల్లల్నీ బోట్లలోకి ఎక్కించడంలోనే పెద్ద ప్రమాదం ఉంది. ఓడ నిలబడి ఉన్నంతకాలం ఓడే భద్రం. బోట్లకూ తెప్పలకూ లోటేం లేదు, మొత్తం కలిపి ఎక్కినవాళ్లకంటే 25 శాతం ఎక్కువమందికే చోటు ఉంచాలి. ఓడల్లో మంటలొస్తే మామూలుగా జరిగే నష్టం వేరు. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడ ఇంజన్ గదిలో మంట లేచింది. మనుషులకేం కాలేదు కానీ కరెంటు పోయింది. నాలుగు వేలకు పైగా జనం పనిచేయని టాయిలెట్లతో రోజుల తరబడి నడిసముద్రంలో ఉన్నారు. చివరికి ఓడలను లాగే టగ్గు పడవలు అమెరికాలోని మొబైల్ అనే ఊరి రేవుకు లాక్కొచ్చాయి. 2010 జులై తర్వాత కట్టే పెద్ద ఓడల్లో, ఒక భాగం కాలినా మిగతా యంత్రాలతో రేవుకు చేరేలా ఏర్పాట్లుండాలి. మేం ఎక్కింది అలాంటి ఓడే. నలభై నిమిషాల్లో మంట ఆరింది, మళ్లీ రాజుకోదని తేల్చుకుని నాలుగున్నరకి మమ్మల్ని వదిలారు.

పొద్దున తలుపు కింద నుంచి కాగితం. "చిన్న సాంకేతిక ఘటన" అట. తర్వాత ఆగాల్సిన మెస్సీనా రేవు రద్దు. మనిషికి 11 యూరోల 40 సెంట్ల రేవు రుసుము వాపసు, క్యాబిన్‌కి 50 యూరోల క్రెడిట్. అది నగదుగా ఇవ్వరు, ఓడలోనే ఖర్చుపెట్టాలి. దానితో మరదలు ఏదో సెంటు సీసా కొంది, పైన 9 యూరోలు మేమే వేసుకున్నాం. నా గొడవ డబ్బు గురించి కాదని కౌంటర్లో చెప్పాను, డ్రిల్లు గురించి రాతపూర్వకంగా ఫిర్యాదు తీసుకోమన్నాను. గంటసేపు నిలబెట్టి, భుజాల మీద చారలున్న ఒకాయనను పిలిచారు. ఆయన తెర మీద చూసి "మస్టర్ నూటికి నూరు శాతం పూర్తయినట్టు రికార్డు ఉంది సార్" అన్నాడు. లెక్క గంట ఆలస్యమైంది కదా అంటే, "అదీ నూరు శాతం పూర్తయింది" అన్నాడు.

ఇంతకుముందు వేరే కంపెనీ పాత ఓడలో వెళ్లినప్పుడు అందరినీ డెక్కు మీద ఎండలో నలభై నిమిషాలు నిలబెట్టి, రానివాళ్లని పేరు పెట్టి పిలిచి మరీ రప్పించారు. అప్పుడు అందరం తిట్టుకున్నాం. తిండి అక్కడ అంతంత మాత్రమే. అయినా రెండిట్లో ఏదంటే ఆ ఓడే ఎక్కుతాను.

బుక్ చేసేవాళ్లకి నా మాట: ఓడ కట్టిన సంవత్సరం అడగండి. బాల్కనీకి పోసే 330 యూరోల తేడా మిగుల్చుకుని, మెట్లకు దగ్గరగా, మస్టర్ స్టేషన్‌కి ఒకటి రెండు డెక్కుల దూరంలో లోపలి క్యాబిన్ తీసుకోండి. మోకాళ్లు, గుండె, చెవుడు, ఏదున్నా ఫారంలో రాయండి, ఏజెంటు వద్దన్నా సరే. ఎక్కగానే తలుపు వెనకున్న మ్యాప్ చూసి, స్టేషన్‌కి లిఫ్టులో కాకుండా మెట్ల మీదుగా అందరూ కలిసి ఒకసారి వెళ్లి రండి. మీ క్యాబిన్ నుంచి మెట్లకు ఎన్ని తలుపులో లెక్కపెట్టుకోండి.

దిగాక పంపిన ఫిర్యాదుకు జవాబు వచ్చింది. చింతిస్తున్నాం, వచ్చే ప్రయాణంలో పది శాతం తగ్గింపు అని. నాకక్కర్లేదు, ఎవరికైనా ఇద్దామని అడిగితే పేరు మార్చడం కుదరదట.