అరవై దాటిన గుండెకు ఏది మేలు: నూనె మార్చడమా, ఉప్పు తగ్గించడమా?

అనంతపురంలో ఈమధ్య గానుగ నూనె దుకాణాలు బాగా పెరిగాయి. ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ ఉందని తెలిసినా, స్టెంటు వేయించాల్సి వచ్చినా పిల్లలు మొదట చేసేది నూనె మార్చడమే. రిఫైన్డ్ నూనె ప్యాకెట్లు మానేసి, చాలా ఎక్కువ ధరైనా వెనకాడకుండా గానుగ నూనె తెస్తారు. ఆ ప్రేమను తప్పుపట్టను. అయితే ఉప్పు డబ్బా జోలికి మాత్రం ఎవరూ పోరు. అరవై దాటి, బీపీ ఉన్న మనిషికి నూనె కంటే ముందు చూడవలసింది ఉప్పు సంగతి అన్నది నా అభిప్రాయం.

ముందు నూనె లెక్క చూద్దాం. గుండె రక్తనాళాల్లో పేరుకునే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచేది సంతృప్త కొవ్వు. అది పామాయిల్‌లో దాదాపు సగం ఉంటుంది. మన వేరుశనగ నూనెలో ఐదో వంతుకు కాస్త తక్కువ, పొద్దుతిరుగుడు నూనెలో పదో వంతుకు కాస్త ఎక్కువ. కాబట్టి పామాయిల్‌తోనో వనస్పతితోనో వండే ఇల్లు వేరుశనగకో పొద్దుతిరుగుడుకో మారితే గుండెకు నిజంగా మేలు. రిఫైన్డ్ వేరుశనగ నూనె మాని గానుగ వేరుశనగ నూనెకు మారితే మాత్రం ఈ కొవ్వుల లెక్క దాదాపు ఏమీ మారదు. వాసన, రుచి, కొంత విటమిన్ ఇ అదనంగా దక్కుతాయి, అంతే. ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న రాత చూసి మురిసిపోనక్కర్లేదు, ఏ గింజ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. పైగా ‘మంచి నూనే కదా’ అని తాలింపులో ధారాళంగా పోయడం మొదలవుతుంది. ఉదయం ఉగ్గానితో పాటు బజ్జీలు వేయించి, మిగిలిన నూనెను మర్నాడు మళ్లీ కాచే ఇంట్లో అది గానుగదా కాదా అన్నది పెద్ద ప్రశ్న కాదు.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా. కూరలో వేసేదీ, ఊరగాయలో ఉన్నదీ, కొని తినే చిరుతిండిలోదీ అన్నీ కలిపి ఆ ఒక్క చెంచాలోనే రావాలి. మన దేశంలో సగటు వాడకం దాన్ని బాగా మించిపోయింది.

మా మేనత్త మధ్యాహ్నం భోజనం పళ్లెం దగ్గర కూర్చుని చూస్తే నాకు ఇది స్పష్టంగా అర్థమైంది. సంగటి ముద్ద, పప్పు, ఊరుమిండి (రోటి పచ్చడి), అంచున ఆవకాయ, నంజుకోవడానికి ఊరమిరపకాయ, చివర్లో చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ. వీటిలో నూనె బాగా కనిపించేవి ఆవకాయ, పప్పు తాలింపు, మిరపకాయ. ఉప్పు లేనిది మాత్రం ఒక్కటీ లేదు. దేనికది నోట్లో పెట్టుకుంటే ఉప్పగా అనిపించదు. కానీ ఒక పెద్ద చెంచా ఆవకాయలోనే గ్రాముకు పైగా ఉప్పు ఉంటుంది. రోజు గడిచేసరికి మొత్తం ఎంతవుతుందో ఊహించుకోవచ్చు.

వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు బిరుసెక్కుతాయి, మూత్రపిండాలు ఉప్పును బయటికి పంపే శక్తి తగ్గుతుంది. అందుకే అదే ఉప్పు ముప్పై ఏళ్ల మనిషి కంటే అరవై ఐదేళ్ల మనిషి బీపీని ఎక్కువగా పెంచుతుంది. తగ్గించినప్పుడు దక్కే ఫలితం కూడా వాళ్లకే ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లు రోజుకు నాలుగైదు గ్రాములు తగ్గిస్తే పై అంకె సగటున 5 దాకా దిగుతుంది, అదీ కొన్ని వారాల్లోనే. చూడటానికి చిన్న అంకే, కానీ పక్షవాతం, గుండెపోటు ముప్పు విషయంలో చిన్నది కాదు. పైగా దీనికి రూపాయి ఖర్చు లేదు.

“ఉప్పు లేని కూడు గొంతు ఎట్లా దిగుతుంది నాయనా?” అని మా అత్త అడిగింది. “ఒక్కసారిగా మానవద్దు అత్తా, ఈ నెల పావు వంతు తగ్గించు” అన్నాను. నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మజ్జిగలో ఉప్పు మానేసి కాస్త నిమ్మరసం, అల్లం వేసుకోవచ్చు. ఊరుమిండిలో చింతపండు, వెల్లుల్లి ఒక పాలు పెంచితే ఉప్పు తగ్గినట్టు తెలియదు. ఆవకాయ రోజూ కాక ఆదివారానికి. సైంధవ లవణం వాడితే సరిపోతుందని కొందరు అంటారు, కానీ అదీ చాలావరకు సోడియం క్లోరైడే.

మూడో దారి ఒకటుంది, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21,000 మంది మీద ఐదేళ్ల దాకా దీన్ని పరీక్షించి 2021లో ఫలితాలు వెలువరించారు. అందులో ఉన్నది అంతకు ముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. మామూలు ఉప్పు తిన్నవాళ్లతో పోలిస్తే పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. ఏ నూనె మార్చినా ఇంత తేలిగ్గా ఈ వయసువాళ్లకు ఇంత మేలు చేస్తుందని నేను అనుకోను. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. టెల్మిసార్టాన్, ఎనాలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లకూ రక్తంలో పొటాషియం పెరిగే అవకాశం ఉంది. డాక్టర్‌ను అడగకుండా కొనకండి.

బీడీ కాల్చేవాళ్లు, ఆకువక్కలో పొగాకు పెట్టుకునేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ పోలిక అంతా తర్వాతి సంగతి, ముందు ఆ పొగాకు మాన్పించండి. ఉప్పు తగ్గించామని బీపీ మాత్ర ఆపడం కూడా కూడదు.

స్టెంటు వేసినవాళ్లకు, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవాళ్లకు నూనె రకం, పరిమాణం రెండూ ముఖ్యమే, కొలెస్ట్రాల్ మాత్రతో పాటు. మే నెల ఎండలో చేనికి వెళ్లే పెద్దాయనకు, మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడే ముసలమ్మకు మాత్రం ఉప్పు మరీ బిగించవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సోడియం పడిపోయి తికమకగా మాట్లాడటం, తూలిపడటం జరుగుతుంది. అలాంటివాళ్లకు ఎంత తగ్గించాలో చూసే డాక్టరే చెప్పాలి.